వీధిని ఎరిగిన పోలీసు

గత మాసం మా క్వార్టర్ల సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశానికి కమ్యూనిటీ హాలులో కుర్చీలు చాలలేదు. మామూలుగా ఈ సమావేశానికి కోరం కుదరడమే గగనం. ఎజెండాలో చందా పెంపు అనే అంశం ఉంటే ఇక చెప్పనక్కరలేదు. కార్యదర్శి, కోశాధికారి ఒకరి ముఖం ఒకరు చూసుకుని, టీ త్రాగి ఇళ్ళకు పోతారు. ఈసారి గృహిణులు సైతం పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. పక్షం రోజుల వ్యవధిలో మా కాలనీలో రెండు ఇళ్ళలో దొంగలు పడ్డారు. ఒక ఇంటివారు పెళ్ళికి ఊరు వెళ్ళి ఉన్నారు. రెండవ ఇంటి యజమాని రాత్రి షిఫ్టులో ఉన్నాడు, ఇల్లాలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇది మన రాకపోకలు తెలిసినవారి పనేనని కొందరు, బయటివారి పని అని కొందరు చాలాసేపు వాదించుకున్నారు.

చివరకు పోలీసు అధికారులకు ఒక అర్జీ పెట్టుకోవాలని తీర్మానం జరిగింది. రాత్రివేళ పోలీసు వాహనం కాలనీలో గస్తీ తిరగాలనీ, గేటు దగ్గర మరి రెండు కెమెరాలు పెట్టాలనీ కోరిక. అందరూ చేతులెత్తారు. అప్పుడు వెనుక వరుసలో నుంచి, మెషిన్ షాపులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ పొంది, ప్రస్తుతం కుమారుని క్వార్టరులో ఉంటున్న పెద్దాయన ఒకరు లేచి, “బండి వస్తుంది, సరే. అందులో కూర్చున్నవాడికి మనలో ఎవరు ఎవరో తెలుస్తుందా, బాబూ?” అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. అర్జీ వ్రాసే బాధ్యత మాత్రం, ఈ శీర్షిక వ్రాస్తున్న పాపానికి, నా మీద పడింది. వారం రోజులపాటు ఆ ప్రశ్నే నన్ను వెంటాడింది. ఈ విషయమై నేను చదివినదీ, ఆలోచించినదీ పాఠకులతో పంచుకోవాలని ఈ మాసపు ప్రయత్నం.

పెద్దాయన ప్రశ్న నన్ను అంతగా తాకడానికి ఒక కారణం ఉంది. మూడేళ్ళ క్రితం మా వీధిలో దినపత్రికలు వేసే కుర్రవాడు ఒకనాడు రాలేదు. తొమ్మిది గంటలైనా పత్రిక రాకపోయేసరికి ఆరా తీస్తే, వాడు పోలీసు స్టేషనులో ఉన్నాడని తెలిసింది. తెల్లవారుజామున నాలుగున్నరకు సంచీ తగిలించుకున్న సైకిలుతో చీకట్లో వస్తున్నవాణ్ణి గస్తీ వాహనం ఆపింది. వాహనంలోనివారు కొత్తవారు. వాడు భయపడి పరుగెత్తాడు. పరుగెత్తినవాడు దొంగ కాక మరెవరు? మేము ముగ్గురం వెళ్ళి, వాడు ఫలానా అని చెప్పి విడిపించి తెచ్చాము. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. “అతడెవరో మాకెలా తెలుస్తుంది సార్?” అన్నాడు. అన్యాయమైన మాట కాదది. అయితే వాడి తల్లి మా కాలనీలో నాలుగిళ్ళలో పని చేస్తుంది. వాణ్ణి ఎరుగని ఇల్లు మా వీధిలో లేదు. ఎరుగనిది ఆ వాహనం ఒక్కటే. ఆ మరుసటి దినం నుంచి వాడు పత్రికలు వేయడం మానుకున్నాడు.

పోలీసు నడిచి తిరగడమన్నది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. పూర్వం మన గ్రామాలలో తలారి చేసిన పని అదే. పట్టణాలలో కొత్వాలు మనుషులు రాత్రి రోంద తిరిగేవారు. నిజాము పాలన ఉన్నంతకాలం హైదరాబాదు నగర పోలీసు అధిపతిని కొత్వాలు అనే పిలిచేవారు. ఇక ఆధునిక నగర పోలీసు వ్యవస్థకు మూలంగా చెప్పుకునేది 1829వ సంవత్సరంలో లండనులో రాబర్ట్ పీల్ స్థాపించిన మెట్రోపాలిటన్ పోలీసు. ఆ ఏడు సెప్టెంబరు 29వ తేదీన నీలిరంగు దుస్తులు ధరించిన కానిస్టేబుళ్ళు మొదటిసారి వీధులలోకి నడిచి వచ్చారు. సైనికుల ఎర్ర కోట్లకు భిన్నంగా కనబడాలనే ఆ రంగు ఎంచుకున్నారు. ప్రతివానికీ కొన్ని వీధులు ఏర్పరచి, ఆ వీధులలోనే తిరగమన్నారు. దానినే ‘బీటు’ అన్నారు. మన స్టేషన్లలో నేటికీ వాడుకలో ఉన్న మాట అదే.

ఇరవయ్యవ శతాబ్దంలో కారు, రేడియో, టెలిఫోను ఈ మూడూ కలిసి పోలీసును వీధి నుంచి తప్పించాయి. ఫోను చేస్తే నిమిషాలలో కారు వస్తుంది. ఒక్క కారు పదిమంది నడిచేంత మేర చుట్టి వస్తుంది. లెక్క బాగానే ఉంది. అమెరికాలో కార్లు ముందు వచ్చాయి గనుక, ఆ లెక్కలో ఏమి తప్పిపోయిందో కూడా వారికే ముందు తెలిసింది. వారు ఊరికే వాదించుకోక పరీక్ష పెట్టి చూశారు.

మొదటిది కాన్సస్ సిటీలో జరిగింది. 1972 అక్టోబరు నుంచి ఒక సంవత్సరంపాటు, పదిహేను బీట్లను మూడు భాగాలు చేశారు. అయిదింటిలో గస్తీ కార్లను పూర్తిగా తీసివేసి, ఫోను వస్తేనే వెళ్ళారు. అయిదింటిలో కార్లను రెండు మూడు రెట్లు పెంచారు. మిగిలిన అయిదింటిలో ఎప్పటివలెనే ఉంచారు. ఏడాది తిరిగేసరికి నేరాలలో గాని, ప్రజల భయంలో గాని చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అంతకన్న విచిత్రం, కార్లు తగ్గిన సంగతి గాని పెరిగిన సంగతి గాని ఆ వీధులవారు గమనించనే లేదు. అర్జీ వ్రాయబోయేవాడికి ఇది చదివితే కలం ఆగిపోదా?

తరువాత న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్ నగరంలో నడక గస్తీని పరీక్షించారు. 1978లో మొదలుపెట్టి 1981లో ఫలితాలు ప్రకటించారు. నడక గస్తీ వల్ల నేరాలు తగ్గలేదు. నడకను సమర్థించేవారు ఈ వాక్యాన్ని తరచు దాటవేస్తారు, నేను దాటవేయదలచలేదు. అయితే అక్కడి జనం, కాన్సస్ సిటీవారివలె కాక, పోలీసు వీధిలోకి వచ్చిన సంగతిని వెంటనే గుర్తించారు. వారి భయం తగ్గింది, పోలీసుల మీద సదభిప్రాయం పెరిగింది. నడిచే పోలీసులకు కూడా ఆ జనం మీద అభిప్రాయం మెరుగుపడింది. ఈ చివరి సంగతి నాకు అన్నిటికన్న ముఖ్యంగా తోచింది. అద్దాల వెనుక నుంచి చూసినవాడికి వీధిలో కనబడేవారంతా అనుమానితులే. అదే వీధిలో నిలబడి నాలుగు మాటలు ఆడినవాడికి వారిలో ఒకడు చెప్పులు కుట్టేవాడు, ఒకామె పూలమ్మి, ఒకడు ఇంటర్ తప్పిన కుర్రవాడు.

ఫ్లింట్ అనే ఊరి కథ మన సంస్థ పాఠకులకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అది మిషిగన్ రాష్ట్రంలో కార్ల కర్మాగారాల చుట్టూ పెరిగిన కార్మిక నగరం. 1979లో అక్కడ కొన్ని పేటలలో, ఒక ధర్మనిధి ఇచ్చిన సొమ్ముతో, నడక గస్తీ పెట్టారు. నిధి గడువు ముగిసే సమయానికి ఊళ్ళో పనులు లేక కుటుంబాలు కటకటలాడుతున్నాయి. అటువంటి 1982వ సంవత్సరంలో, ఆ పోలీసులను కొనసాగించడానికి పన్ను పెంచుకుంటామని ఊరి ఓటర్లు స్వయంగా ఓటు వేశారు. నెలకు పది రూపాయల చందా పెంపు కోసం మా సంఘం పడే అవస్థ ఎరిగినవాడిని గనుక, దీని విలువ నాకు బాగా తెలుసు.

అయితే నడక ఒక్కటే చాలునా? 2009 వేసవిలో ఫిలడెల్ఫియాలో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. దౌర్జన్యాలు అధికంగా జరిగే 120 చోట్లు ఎంపిక చేసి, వాటిలో 60 చోట్ల రెండు వందల మందికి పైగా పోలీసులను జంటలుగా నడిపించారు. పన్నెండు వారాలకు ఆ చోట్ల దౌర్జన్య నేరాలు, నడక లేని 60 చోట్లతో పోల్చి చూస్తే, 23 శాతం తగ్గాయి. నెవార్కులో తగ్గనివి ఇక్కడ ఎందుకు తగ్గాయి? అచ్చంగా నేరాలు జరిగే మూలమలుపులను లెక్కకట్టి, అక్కడే మనుషులను దట్టంగా నిలిపారు గనుక. ఇది సంతోషించవలసిన ఫలితమే. కాని ఆ నివేదికలో మరొక అంకె కూడా ఉంది. ఆ చోట్ల పాదచారులను ఆపి ప్రశ్నించడం 64 శాతం పెరిగింది. ఆ పోలీసులు శిక్షణ ముగించుకుని అప్పుడే వచ్చినవారు. ఆ వీధులకూ వారికీ పూర్వ పరిచయం లేదు. గస్తీ ఎత్తివేసిన తరువాత ఆ ఫలితమూ నిలవలేదు.

ఇక్కడ నాకు మా పత్రికల కుర్రవాడు మళ్ళీ గుర్తుకు వచ్చాడు. వాణ్ణి ఆపినవారు వాహనంలో గాక నడిచి వచ్చి ఉంటే మాత్రం, వాణ్ణి ఎరుగనివారైతే ఏమి జరిగి ఉండేది? అదే జరిగి ఉండేది. నడకలో మహిమ కాళ్ళలో లేదు. ఒకే మనిషి అవే వీధులకు మళ్ళీ మళ్ళీ రావడంలో ఉంది. పది రోజులు ఒకరు, మరి పది రోజులు ఇంకొకరు నడిచిపోతే, వీధిలో మరొక అపరిచితుడు చేరినట్లే, పైగా చేతిలో లాఠీతో.

సైకిలు సంగతి చెప్పుకోవలసి ఉంది. 1895లో న్యూయార్కు పోలీసు బోర్డు అధ్యక్షుడుగా ఉన్న థియొడోర్ రూజ్‌వెల్ట్, తరువాత అమెరికా దేశాధ్యక్షుడైన ఆయనే, సైకిలు పోలీసు దళం ఒకటి ఏర్పాటు చేశాడు. మితిమీరిన వేగంతో సైకిళ్ళు త్రొక్కేవారిని పట్టుకోవడం ఆ దళం పనులలో ఒకటి! ఆ మీదట మోటారు వచ్చి సైకిలును మూలకు నెట్టింది. 1987లో సియాటిల్ నగరం నడిబొడ్డున బస్సుల సొరంగం త్రవ్వుతూ రోడ్లన్నీ దిగ్బంధమైనప్పుడు, కార్లు కదలక ఇద్దరు పోలీసులు సైకిళ్ళెక్కారు. నేటి సైకిలు గస్తీలకు అదే నాంది. సైకిలు చప్పుడు చేయదు. తప్పు చేసేవాడికి పోలీసు పక్కకు వచ్చేవరకు తెలియదు. కారు దూరని సందులో దూరుతుంది, నడిచేవాని కన్న మూడు నాలుగు రెట్లు వేగంగా పోతుంది, ఎవరైనా పిలిస్తే కాలు నేల మీద మోపితే చాలు ఆగుతుంది. పోలీసుల వెంట స్వయంగా తిరిగి లెక్కించిన ఒక అమెరికా పరిశోధకుడికి, గంటకు సైకిలు మీది పోలీసు కలిసే మనుషులు కారులోనివాడు కలిసేవారికి రెండింతలకు పైగా తేలారు.

సైకిలునూ స్థిరనివాసాన్నీ కలిపి చూపినవారు జపానువారు. అక్కడ వీధి కూడలిలో ‘కోబన్’ అనే చిన్న పోలీసు గది ఉంటుంది. 1874 ప్రాంతంలో టోక్యోలో మొదలైన ఏర్పాటు ఇది. నేడు దేశమంతటా ఆరు వేలకు పైగా ఉన్నాయి. అందులోని పోలీసు సైకిలు మీద తన పేట తిరుగుతాడు. ఇంటింటికీ వెళ్ళి పలకరించి, ఆపద వస్తే ఎవరికి కబురు చేయాలో వ్రాసుకుంటాడు. దారి తెలియనివారు అక్కడికే వెళ్ళి అడుగుతారు. దారిలో దొరికిన చిల్లర నాణెం పిల్లలు అక్కడికే తీసుకువెళ్ళి ఇస్తారు. 1983లో సింగపూరు ఈ పద్ధతిని తన బహుళ అంతస్తుల నివాసాలకు తెచ్చుకుని, తోఆ పయో అనే పేటలో మొదలుపెట్టింది. ఇంటింటి వివరాలు పోలీసు పుస్తకంలోకి ఎక్కడమన్నది అందరికీ రుచించదని మాత్రం మనవి. నాకూ పూర్తిగా రుచించలేదు. మా ఇంట్లో ఎందరున్నారో చెప్పడానికి అభ్యంతరం లేదు గాని, ఎవరెవరు వచ్చిపోతారో చెప్పమంటే కాస్త ఆలోచిస్తాను.

మరి మన సంగతి? మన పోలీసు శాఖ చాలాకాలం 1861 నాటి చట్టం అచ్చులో నడిచింది. పాలకునికి లోబడి, చెప్పినది చేసే కానిస్టేబులే ఆ చట్టానికి కావలసినవాడు. వీధిలో నిలబడి స్వంతంగా ఆలోచించే మనిషి అక్కరలేదు. 1977లో ధర్మవీర అధ్యక్షతన నియమితమైన జాతీయ పోలీసు కమిషన్ తన మొదటి నివేదికలో కానిస్టేబుళ్ళ స్థితిగతులను చర్చించి, ఆ మనిషికి బాధ్యతా గౌరవమూ పెంచాలని సూచించింది. ఆ సూచనలలో అధికభాగం కాగితాల మీదనే ఉండిపోయాయి. ఇక ఖాళీల సంగతి చూస్తే, 2020ల ఆరంభంలో దేశం మొత్తం మీద మంజూరైన పోలీసు పోస్టులలో దాదాపు అయిదో వంతు భర్తీ కాక ఉన్నాయి. ఉన్నవారిలో సగంమంది ఏదో ఒక బందోబస్తుకు పోతూ ఉంటే, మన వీధికి ఎవరు వస్తారు? ఊరికి పెద్దలు వచ్చిన రోజున ముందుగా ఖాళీ అయ్యేది బీటే.

అలాగని ఎక్కడా ఏమీ జరగలేదనడం న్యాయం కాదు. 2008లో కేరళలో ‘జనమైత్రి’ అనే పథకాన్ని మొదట ఇరవై స్టేషన్లలో ప్రవేశపెట్టారు. బీటు అధికారి తన పరిధిలోని ప్రతి కుటుంబంలోనూ కనీసం ఒక్కరినైనా ఎరిగి ఉండాలన్నది అందులోని నియమం. మన ప్రాంతాలలో పాయింటు పుస్తకం పాతవారందరికీ తెలుసు. బ్యాంకు మెట్ల దగ్గరో, పెద్దమనిషి ఇంటి అరుగు మీదో ఒక చిన్న పుస్తకం వ్రేలాడుతూ ఉండేది. రాత్రి గస్తీ వచ్చిన కానిస్టేబులు వేళ వేసి సంతకం చేసి పోయేవాడు. ఇప్పుడు కొన్నిచోట్ల పుస్తకానికి బదులు గోడకు అతికించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూపి పోతున్నారు. మనిషి వచ్చాడని రుజువు దొరుకుతుంది. ఎవరితోనైనా మాట్లాడాడా అన్నది పుస్తకానికీ తెలియదు, ఫోనుకూ తెలియదు.

ఇంత చదివిన మీదట పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. కాలనీ కట్టిన కొత్తలో సైకిలు మీద వచ్చే కానిస్టేబులు గురించి ఆయన చెప్పారు. వేసవిలో మంచినీళ్ళ కోసం వీరి గుమ్మం ముందు ఆగేవాడట. ఎవరింట జ్వరమో, ఎవరి పిల్లవాడు బడి ఎగ్గొట్టి చెరువు గట్టున తిరుగుతున్నాడో అతనికి తెలుసు. “మావాణ్ణి రెండుసార్లు చెవి పట్టుకుని తెచ్చి అప్పగించాడు” అన్నారు, ఇప్పుడు జూనియర్ ఇంజనీరైన కుమారుని వైపు చూస్తూ. ఆయన అంతటితో ఆగి ఉంటే నేను కూడా ఆ పాత రోజులను పొగుడుతూ ఒక పేజీ వ్రాసేవాణ్ణేమో. ఆయన ఆగలేదు. “కాని కూరల బండి ఆమె దగ్గర ఏనాడూ డబ్బిచ్చి వంకాయలు కొన్నవాడు కాడు. ఆమె మనకు చెప్పుకుంది. మనం ఎవరికి చెప్పాం?” అన్నారు.

నడిచే పోలీసు అందరికీ అందుబాటులో ఉంటాడు. వీధిలో అందరికన్న బలహీనులకు ఇంకా దగ్గరగా ఉంటాడు. వారికి అతడు అండ కావచ్చు, మామూలు వసూలు చేసే మరొక చేయి కూడా కావచ్చు. కారులో పోయేవాడికి కూరల బండి దగ్గర ఆగే తీరిక ఉండదు. ఇందుకు విరుగుడు అతణ్ణి తిరిగి వాహనం ఎక్కించడం కాదని నా అభిప్రాయం. అతని పేరు, అతని పై అధికారి పేరు బండి ఆమెకు కూడా తెలిసి ఉండాలి. ఆమె తరఫున అడిగే నోరు మా సంఘానికి ఉండాలి. ఇది పోలీసు శాఖ మాత్రమే చేయగలిగినది కాదు.

అర్జీ చిత్తుప్రతి కార్యవర్గం ముందు పెట్టాను. వాహనం వద్దనలేదు. ఆపద వేళ పిలిస్తే రావలసింది వాహనమే. 112కు ఫోను చేసినవాడు సైకిలు బెల్లు కోసం ఎదురుచూడడు. కెమెరాల మాట కూడా అలాగే ఉంచాను. కాని మొదటి కోరికగా, మా ప్రాంతానికి ఒకే కానిస్టేబులును, కుదిరితే ఒక మహిళా కానిస్టేబులును కూడా, కనీసం రెండేళ్ళకు తగ్గకుండా నియమించవలసిందిగా వ్రాశాను. వారు నడిచి గాని సైకిలు మీద గాని, అర్ధరాత్రి ఒక్కటే గాక సాయంకాలాలలో కూడా రావాలనీ, బందోబస్తుకు పిలిచినా తిరిగి ఇదే బీటుకు పంపాలనీ వ్రాశాను. మా వంతుగా, ఇల్లు తాళం పెట్టి వెళ్ళేవారు ముందుగా తెలియజేస్తారనీ, పాలవారు, పత్రికలవారు, ఇంటిపనివారు అందరినీ కొత్త కానిస్టేబులుకు హాలులో పరిచయం చేస్తామనీ చేర్చాను.

చర్చ సైకిలు దగ్గర ఆగింది. సంఘం నిధితో ఒక సైకిలు కొని ఇద్దామని కోశాధికారి ఉదారంగా అన్నారు. నేను వ్యతిరేకించాను. సైకిలు మేము కొనిస్తే, పోలీసు మా వాడని మేము అనుకుంటాము. అతడూ అలాగే అనుకుంటాడు. ప్రభుత్వ ఉద్యోగికి సైకిలు ప్రభుత్వమే ఇవ్వాలి. కొంత వాదన జరిగింది. నా మాటే నెగ్గింది గాని, కోశాధికారి ఇంకా నాతో ముభావంగానే ఉన్నారు.

సంతకాలకు పెట్టినప్పుడు మొదట పెద్దాయన వద్దకే తీసుకువెళ్ళాను. కళ్ళజోడు సవరించుకుని మొదటి నుంచి చివరి వరకు చదివారు. “ప్రహరీ గోడ అవతల బస్తీ పేరు కూడా వ్రాశావా, బాబూ?” అని అడిగారు. పత్రికలు వేసిన కుర్రవాడు ఉండేది ఆ బస్తీలోనే. నేను వ్రాయలేదు. మా క్వార్టర్ల పేరు మాత్రమే వ్రాసి, దానినే ‘మా ప్రాంతం’ అనుకున్నాను. అక్కడే ఆయన కలం అడిగి తీసుకుని, వరుస పైన చిన్న అక్షరాలతో బస్తీ పేరు చేర్చి, దాని పక్కన పొట్టి సంతకం, అర్జీ చివర పూర్తి సంతకం చేశాను. ఆయన నా క్రింద చేశారు. అర్జీ సోమవారం అందజేశాము.